చూడని పంచనామా

జూన్ 9, సోమవారం

సమన్లు వచ్చాయి.

పంచాయతీ ఆఫీసులో నర్సరీ మొక్కల ఫొటోలు ఎక్కిస్తున్నాను. కానిస్టేబుల్ బండి బయట ఆపి, లోపలికొచ్చి, నిలబడే కాగితం ఇచ్చాడు. భూపాలపల్లి కోర్టు. జూన్ ఇరవై ఆరు, పొద్దున పదిన్నర. సర్కారు తరఫు సాక్షి, నంబరు మూడు. నిందితుడి పేరు దగ్గర సతీష్.

"ఏం కేసు మేడం?"

"పాతది" అన్నాను.

"ఉపా కేసట గద." కాగితం మీద అతనే చదువుకున్నాడు. "టెర్రరిస్టుల చట్టం. జర పైలం."

అందినట్టు సంతకం పెట్టమన్నాడు. పెట్టాను. ఆలోచించకుండానే పెట్టేశాను. పంచాయతీ కార్యదర్శికి రోజుకు వంద సంతకాలు.

జూన్ 10

ఇంట్లో చెప్పలేదు. కాగితం ఆఫీసు బీరువాలో, జనన మరణాల రిజిస్టరు కింద.

జూన్ 11, బుధవారం

ఒక్కసారి ఉన్నది ఉన్నట్టు రాసుకోవాలి. రమేష్‌కు కూడా సగమే తెలుసు. భార్యాభర్తల మధ్య సగం చాలనుకున్నాను అప్పుడు.

నాలుగేళ్ల క్రితం, వానాకాలం. మొగుళ్లపల్లి వైపు ఊళ్లో జూనియర్ కార్యదర్శిని. ప్రొబేషన్ ఇంకా పూర్తి కాలేదు. పొద్దున ఆరు నుంచి సఫాయి వాళ్లతో మోరీలు తీయిస్తున్నాను. పదింటికి మండలాఫీసు నుంచి ఫోన్... "ఠాణాకు పోయి ఒక సంతకం పెట్టి రా అమ్మా. కారోబార్‌ను వెంట తీస్కపో." కారోబార్ కొమురయ్య, పంచాయతీలో పన్నులు వసూలు చేసే పెద్దాయన. ఆయన బండి మీదే వెళ్లాం.

ఠాణాలో బల్ల. బల్ల మీద పేపరు పరిచారు. దాని మీద ఆకుపచ్చ సంచి, జిప్పు తీసి ఉంది. వైరు చుట్ట. వెండి రంగు గొట్టాలు, చిటికెన వేలంత. కరపత్రాల కట్ట. గోడ పక్కన నేల మీద సతీష్.

అతను నాకు తెలుసు. రేగొండలో జిరాక్స్ షాపు. నా ప్రొబేషన్ కాగితాలన్నీ అక్కడే తీయించాను. నన్ను చూసి తలెత్తి "నమస్తే మేడం" అన్నాడు. అలవాటు కొద్దీ. షాపులో అన్నట్టే. నేను బదులు చెప్పలేదు.

పంచనామా అప్పటికే రాసి ఉంది. ఉదయం ఆరు గంటలకు కల్వర్టు దగ్గర అతన్ని పట్టుకున్నట్టు, పంచులం, అంటే సాక్షులమైన మా ఇద్దరి ఎదుట సంచి తెరిచినట్టు, ఒక్కో వస్తువు మాకు చూపినట్టు. మొదటి పేజీ చదివాను. "సార్, మేము కల్వర్టు దగ్గరికి రాలేదు గద" అన్నాను. మెల్లగా. అన్నానో లేదో అని ఇప్పుడు అనుమానం వస్తోంది. లేదు, అన్నాను.

ఎస్సై కోప్పడలేదు. "ఏం తేడా అమ్మా? సామాను దొరికింది నిజం, వీడు దొరికింది నిజం. అంత పొద్దుగాల మిమ్మల్ని ఎక్కడ లేపాలె? కావాలంటే ఇప్పుడు తీస్కపోయి చూపెడ్త." అప్పటికి కొమురయ్య నాలుగు పేజీలకు సంతకం చేసేశాడు. తొమ్మిది పేజీలు. తొమ్మిది చోట్ల నా పేరు. చాయ్ ఇచ్చారు. తాగాను.

నలభై నిమిషాలు. అంతే.

జూన్ 12

ఇంకొకటి కూడా రాయాలి, నిజం రాస్తున్నాను కనుక. అరెస్టుకు నెల ముందు, ఒక సాయంత్రం షాపుకు వెళ్లాను. మిషన్ మీద కట్ట ఉంది. నేను మెట్టెక్కగానే సతీష్ ఆ కట్టను బోర్లా తిప్పాడు. ఎర్ర అక్షరాలు అనిపించింది. పెళ్లి పత్రికలు కూడా ఎర్ర అక్షరాలే.

తెలియదు. నాకు నిజంగా తెలియదు.

జూన్ 13, శుక్రవారం

సీఐ ఫోన్. అప్పటి ఎస్సైయే.

"లలిత మేడం, బాగున్నరా? జనగామకు ట్రాన్స్‌ఫర్ అయిందట. మంచిగైంది. మీ ఆయన డిపో గూడ అక్కడనే గద."

రమేష్ ఏ డిపోలో బస్సు నడుపుతాడో ఆయనకు తెలుసు.

"ఏం పరేషాన్ గావద్దు. అప్పుడు మీరు చెప్పిందే మళ్ల చెప్తె చాలు. పది నిమిషాల పని."

అప్పుడు నేను చెప్పింది ఏమీ లేదు. రాసి ఉన్నదాని కింద పేరు పెట్టాను. "నాకన్నీ యాదికి లేవు సార్" అన్నాను.

"యాది చేస్తం గద. ముందురోజు రండి, పీపీ సార్ సదివిపిస్తడు." పీపీ అంటే సర్కారు వకీలు.

గొంతు మారింది. బెదిరింపు కాదు... అలసట. "నా బ్యాచ్‌మేట్ ఒకడున్నడు మేడం. రోడ్డు కింద బాంబు వెట్టిన్రు. రెండు కాళ్లు పోయినయ్. బిడ్డ పెండ్లికి కుర్చీల కూసోనే అక్షింతలేసిండు. గిసొంటి వైర్లే. కోర్టుల ఒక్కొక్కలు ఎన్కకు తగ్గితే మేమెట్ల ఆపాలె వీళ్లను? మీ ఇంట్ల గూడ ఒక పానం పోయింది. నాకెర్కనే."

మా మేనమామ సంగతి. ఆయనకు నేనెన్నడూ చెప్పలేదు.

జూన్ 14, శనివారం

రమేష్ అన్నం తింటుండగా చెప్పాను. సగం కాదు, అంతా.

చెయ్యి ఆగింది. "నువ్వు చూసింది ఎవ్వలికి గావాలె? సంతకం పెట్టింది చెప్పు."

"అది అబద్ధం గద."

"నాలుగేండ్ల కింద పెట్టినప్పుడు అబద్ధం గాదా?"

గ్లాసులో నీళ్లు పోశాను. కాసేపటికి తనే మెత్తబడ్డాడు. "ఉపా అంటే ఏందో తెల్సా నీకు? బెయిలుండదు. పక్కన నిల్సున్నోన్ని గూడ పట్కపోతరు. పాప నాలుగో తరగతి. నువ్వు ఏం మాట్లాడినా ఆలోచించి మాట్లాడు." కంచం తనే కడిగాడు. ఎన్నడూ కడగడు.

జూన్ 15, ఆదివారం

ఒకటి తట్టింది. మాకు హాజరు యాప్ ఉండేది. రోజూ పొద్దున ఊళ్లో నిలబడి ఫొటో తీసి పంపాలి, టైము, చోటు దానంతటదే పడుతుంది. ఆ రోజు ఆరూ పావుకు మోరీ దగ్గర తీసిన ఫొటో ఉండాలి. పంచనామా ప్రకారం ఆ సమయంలో నేను కల్వర్టు దగ్గర ఉన్నాను.

పాత ఫోను తీసి ఛార్జింగ్ పెట్టాను. యాప్ తెరుచుకోలేదు. మండలాఫీసు కంప్యూటర్ ఆపరేటరును అడిగితే పాత డేటా ఏదీ లేదు మేడం, యాప్ మారింది అన్నాడు.

ఊపిరి పీల్చుకున్నాను. పీల్చుకున్నందుకు ఇప్పటిదాకా సిగ్గుపడుతున్నాను. రుజువు లేకపోతే నిజం చెప్పాల్సిన పని లేదన్నట్టు.

జూన్ 18

నిద్ర లేదు. మూడు ఇళ్ల నంబర్లు తప్పు రాశాను.

జూన్ 22, ఆదివారం

బయ్యారం వెళ్లి వచ్చాను. మహబూబాబాద్ దాకా రైలు, అక్కణ్నుంచి బస్సు, తండా దాకా ఆటో. మొదటి వానకు ఎర్రమట్టి పాదాలకు పట్టి వదలలేదు. గుట్ట దగ్గరి మట్టి ఇనుము లాగానే బరువు.

యాడి వాకిట్లో మిరప నారుకు నీళ్లు చల్లుతోంది. అమ్మను యాడి అనే పిలుస్తాం మేము, మా లంబాడీ ఇళ్లలో. ఇక్కడ మా భాషలో అన్నది తెలుగులో రాస్తున్నాను. రాస్తే కొంచెం మెత్తగా అవుతుంది. ఆమె అన్నప్పుడు మెత్తగా లేదు.

మామ ఆమె తమ్ముడు. ఆమే పెంచింది. నేను ఏడో తరగతిలో ఉండగా నక్సలైట్లు చంపి, ఇన్ఫార్మర్ అని రాసి చీటీ పెట్టి రోడ్డు మీద పడేశారు. మామ చేసిందల్లా ఠాణా కట్టేటప్పుడు ఇటుక మోయడం. ఎవరూ విచారించలేదు, ఎవరూ సాక్ష్యం అడగలేదు. చంపినవాళ్లే తీర్పు రాసి చొక్కాకు గుచ్చారు.

కేసు సంగతి చెప్పాను. నారు మీద నుంచి తల ఎత్తలేదు.

"వాడు గా అడవి లోపటి మనిషేనా?"

"తెల్వదు యాడీ. పోలీసులు అంటున్రు."

"మరి ఏం అడుగుతున్నవ్ నన్ను?"

"నేను చూడందాన్ని చూసిన అని సంతకం పెట్టిన."

"మీ మామను గూడ చూడకుండనే చంపిన్రు" అంది. ఎవరి వైపు మాట్లాడుతోందో నాకు అర్థం కాలేదు. తనకూ అర్థం కాలేదేమో. తర్వాత రొట్టెలు చేసింది. ఆ మాట మళ్లీ ఎత్తలేదు. ఆటో దాకా వచ్చి, "వాళ్లను వదిలిపెట్టే మాట నీ నోట్లకెళ్లి రావద్దు" అంది.

జూన్ 26, గురువారం

భూపాలపల్లి. కోర్టు వరండా. సతీష్‌ను జైలు నుంచి తేలేదు, ఎస్కార్టు దొరకలేదట. జూలై పదికి వాయిదా. ఇది తెలియడానికి నాలుగు గంటలు బెంచీ మీద.

పక్కన ఒకామె. గులాబీ రంగు ఆశ కార్యకర్త చీర. నాకంటే రెండు మూడేళ్లు చిన్నది కావచ్చు. బ్యాగు ఒళ్లో పెట్టుకుని జరిగి చోటిచ్చింది. చిన్న మంచినీళ్ల సీసా... "తాగుండ్రి అక్కా, ఈడ నల్లా వస్తలేదు."

తాగాను.

"ఎవల కోసమొచ్చిన్రు?" అని అడిగాను, ఏదో ఒకటి అడగాలని.

"మా తమ్ముడు. సతీష్." పేరు మామూలుగా చెప్పింది. నాలుగేళ్లుగా చెప్పి చెప్పి అరిగిపోయినట్టు. "రేగొండల జిరాక్స్ షాపు ఉండె. నక్సలైట్లకు సామాను పట్కపోతున్నడని వట్టిన్రు."

సీసా తిరిగి ఇచ్చేశాను.

ఆమె చెబుతూనే ఉంది. పేరు స్వరూప. వాయిదాకు రావాలంటే ఆ రోజు టీకాలు వేరేవాళ్లకు అప్పజెప్పాలట. బెయిలు మూడుసార్లు పోయిందట. "వకీలు సార్ అంటడు, మామూలు కేసైతే ఎప్పుడో వచ్చేటోడట. ఈ చట్టంల అట్ల గాదట. కాయితాలు చూస్తే నిజమే అన్నట్టు అనిపిస్తే సాలు, బెయిలు ఇయ్యరట. ఇద్దరు సర్కారు మనుషులు కండ్లార చూసినమని సంతకం వెట్టిన్రు గద. సర్కారు మనుషులు ఉత్తగ ఎందుకు వెడ్తరు అన్నడు అప్పటి జడ్జి సార్." కొంగుతో మొహం తుడుచుకుంది. "నిజమే గద అక్కా. ఉత్తగ ఎందుకు వెడ్తరు? నాకే అనుమానం వస్తది అప్పుడప్పుడు, వీడేమన్న జేసిండా అని."

నేను నేల చూస్తున్నాను.

"మీరే కేసుకొచ్చిన్రు?"

"భూమి కేసు" అన్నాను.

జూన్ 27

సొంత అక్కే తమ్ముణ్ని అనుమానిస్తోంది. నా సంతకం చూసి.

జూలై 3, గురువారం

సర్వీసు రూల్సు చదివాను. పంచనామాకు పిలిస్తే పోవాలని ఉంది. చూడందానికి సంతకం పెట్టనంటే ఏమవుతుందో ఎక్కడా లేదు. రెండుసార్లు చదివాను.

కొమురయ్య ఫోన్ చేశాడు. ఆయన రెండో సాక్షి. "మేడం, నేనైతే ఉన్నది చెప్త." ఏది ఉన్నది అన్నాను. "కాయితంల ఉన్నది."

జూలై 9, బుధవారం

పీపీ గది. ఫ్యాను కింద కాగితాలు ఎగురుతుంటే వాటి మీద పేపర్ వెయిట్లు, టీ గ్లాసు, స్టాప్లర్. నా వాంగ్మూలం చేతికిచ్చి చదువుకోమన్నాడు. అప్పట్లో నేను పోలీసులకు చెప్పినట్టుగా టైపు చేసినది. "పై ఆకుపచ్చ రంగు సంచిని మా సమక్షమున తెరువగా" అని నేను చెప్పానట. మా సమక్షమున అని నా జన్మలో ఎన్నడూ అనలేదు.

"కంఠతా పట్టక్కర్లేదు. నేను అడుగుతుంటే అవును అవును అంటే చాలు."

"సార్, అవును కాకపోతే?"

అద్దాలు తీశాడు. తిట్టలేదు. పెద్దమనిషి. "అమ్మా, ఇది కోడి దొంగతనం కేసు కాదు. అవతల బలమైన కేసు ఉంది, ఫోన్లు ఉన్నాయి, ఇంకా సాక్షులున్నారు. మీ ఒక్కరి వల్ల అది కూలదు, మీ ఉద్యోగం మాత్రం కూలుతుంది."

నా మాట అవసరమే లేనంత బలమైన కేసైతే నా అబద్ధం ఎందుకు కావాలి? అడగలేదు. మెట్లు దిగుతుండగా తట్టింది. ఎప్పుడూ అంతే.

సీఐ బయట జీపు దగ్గర. నమస్తే పెట్టాడు. "రేపు వస్తరు గద మేడం."

జూలై 10, గురువారం. పరకాల బస్టాండు, సాయంత్రం నాలుగు

జనగామకు ఇంకా రెండు బస్సులు మారాలి. వరుసగా రాస్తాను, ఇంటికి చేరేసరికి మాటలు మారిపోతాయి.

కొమురయ్య ముందు వెళ్లాడు. ఇరవై నిమిషాలు. తువ్వాలతో మెడ తుడుచుకుంటూ బయటికొచ్చాడు. "అయిపోయింది. మీరు గూడ అట్లనే చెప్పి రాండ్రి." నా కళ్లలోకి చూడలేదు.

నా పేరు మూడుసార్లు పిలిచారు. బోనెక్కాను. ప్రమాణం. సతీష్ అవతల నిలబడి ఉన్నాడు, పక్కన ఇద్దరు పోలీసులు. ముప్ఫై కూడా నిండి ఉండవు, చెవుల దగ్గర తెల్లబడింది. వెనక బెంచీలో గులాబీ చీర. నన్ను చూసింది. పోల్చుకోవడం చూశాను. ముందు నవ్వబోయింది, తర్వాత ఆగింది.

పేరు, ఉద్యోగం, ఎక్కడ పని చేసేవారు. అవును, అవును. ఈ సంతకం మీదేనా? అవును. తొమ్మిది సంతకాలు ఒక్కొక్కటీ చూపారు. తొమ్మిది అవునులు. నోరు దానంతటదే అంటోంది.

"కల్వర్టు దగ్గర నిందితుడి సంచి మీ ఎదుటే తెరిచారు కదా?" అన్నాడు పీపీ.

డిఫెన్సు వకీలు లేచాడు, జవాబు పీపీయే అందిస్తున్నాడని. జడ్జి మేడం చెయ్యి ఎత్తి ఇద్దర్నీ ఆపింది. నా వైపు తిరిగింది. "మీరు ఏం చూశారమ్మా? అది చెప్పండి."

నాలుగేళ్లలో ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. మండలాఫీసు అడగలేదు, సీఐ అడగలేదు, రమేష్ అడగలేదు. ధైర్యం అని ఎవరైనా అంటే అది కాదు. అడిగారు కనుక చెప్పాను.

"నేను కల్వర్టు కాడికి పోలేదు మేడం. ఠాణాకు పోయిన. పదిన్నరకు. బల్ల మీద సంచి తెరిచే ఉంది. రాసింది తెచ్చి సంతకం పెట్టమన్నరు, పెట్టిన."

టైపు చేసే ఆయన వేళ్లు గాలిలో ఆగాయి. జడ్జి మేడం ఇంగ్లీషులో చెబుతుంటే మళ్లీ మొదలయ్యాయి.

పీపీ నన్ను ఎదురు తిరిగిన సాక్షిగా ప్రకటించమని అడిగాడు. అనుమతి వచ్చింది. నిన్నటి పెద్దమనిషి కాదు.

"నిందితుడు మీకు ముందే తెలుసా?"

"తెలుసు. జిరాక్సులు తీయించేదాన్ని."

"జాలితో చెబుతున్నారు."

"కాదు."

"ఎవరైనా బెదిరించారా? డిఫెన్సు వాళ్లు కలిశారా?"

"లేదు." సీసాలో నీళ్లు గుర్తొచ్చాయి.

"చదువుకున్న ప్రభుత్వోద్యోగి. తొమ్మిది పేజీలకు సంతకం పెట్టారు. అప్పుడు అబద్ధమా, ఇప్పుడు అబద్ధమా?"

జడ్జి మేడం పెన్ను ఎత్తి, "ఆలోచించి చెప్పండి" అంది. ఆ మాటలో హెచ్చరిక ఉంది.

"అప్పుడు."

డిఫెన్సు వకీలు ఒక్క ప్రశ్నే అడిగాడు, ఆ వస్తువులు నిందితుడి దగ్గర దొరకడం నేను చూడలేదు కదా అని. చూడలేదు. "చాలమ్మా" అని కూర్చున్నాడు, మొహం వెలిగిపోతోంది. ఆ వెలుగు కూడా నాకు నచ్చలేదు. బోర్లా తిప్పిన కట్ట సంగతి ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు. ఎర్ర అక్షరాలు చూశానో లేదో నాకే తెలియనప్పుడు ఏం చెప్పాలి. చెప్పాలా. ఇప్పటికీ తేలలేదు.

నేను చెప్పింది తెలుగులో చదివి వినిపించారు. ప్రతి మాటా విన్నాను. అన్నీ విన్నాకే సంతకం పెట్టాను.

వరండాలో స్వరూప. దారికి అడ్డం నిలబడలేదు, గోడకు ఆనుకుని ఉంది.

"భూమి కేసు అన్నవు గదక్కా."

"అన్న."

"నాలుగేండ్లు ఏడున్నవ్ మరి?" కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. "మూడుసార్ల బెయిలు పోయినప్పుడు ఏడున్నవ్? మా నాయిన పోయిండు, కొరివి వెట్టనీకి రెండు గంటలు తెచ్చిన్రు వాన్ని, బేడీలేసి. అప్పుడు ఏడున్నవ్?"

జనగామలో. ఇంటి పన్ను రసీదుల మీద సంతకాలు పెడుతూ. ఆమె కాసేపు చూసి, వకీలు పిలుస్తున్నాడని వెళ్లిపోయింది.

బస్సు వచ్చింది.

జూలై 11

రమేష్ మాట్లాడడం లేదు. తిడితే బాగుండు.

జూలై 16, బుధవారం

మెమో. పై అధికారి సంతకంతో. కోర్టులో పంచనామాకు విరుద్ధంగా చెప్పినందుకు, చూడనిదానికి సాక్షిగా సంతకం చేశానని ఒప్పుకున్నందుకు, క్రమశిక్షణ చర్య ఎందుకు తీసుకోరాదో వారంలో తెలపాలి. రెండో మాట న్యాయమే. అది చేశాను. ఆ మాటను నాలుగేళ్ల క్రితం అడిగి ఉంటే...

తప్పుడు సాక్ష్యం కింద నా మీద పిటిషన్ వేస్తున్నారని కొమురయ్య ద్వారా కబురు. సీఐ ఫోన్ చేయలేదు. చేయకపోవడం ఎక్కువ భయంగా ఉంది. పాపను బడి దగ్గర దింపి, గేటు మూసేదాకా నిలబడుతున్నాను.

సతీష్ ఇంకా లోపలే. వకీలు మళ్లీ బెయిలు వేశాడట. ఫోన్లు ఉన్నాయి, ఇంకా సాక్షులు ఉన్నారు. ఆగస్టుకు వాయిదా.

జూలై 18, శుక్రవారం

రమేష్ మాట్లాడాడు. ఒక కాగితం ముందు పెట్టాడు. తెలిసిన డాక్టరుతో రాయించుకొచ్చాడు. బీపీ ఎక్కువై, ఆ వారం రోజులు మానసికంగా గందరగోళంలో ఉన్నట్టు.

"ఇది మెమోకు జత వెట్టు. మళ్ల కోర్టుకు పిలుస్తరు. ఆ రోజు తబియత్ మంచిగ లేకుండె, ఏం చెప్పిన్నో తెల్వది అను. అందరు గమ్మునుంటరు."

"తబియత్ మంచిగనే ఉండె గద."

"లలితా." చాలా రోజుల తర్వాత పేరు పెట్టి పిలిచాడు. "నేను బస్సు నడుపుతుంటే ఎన్క జీపు వస్తే గుండె గుబేలంటది. రోజు. ఇంత బతుకు బతికి నన్నెందుకు గిట్ల జేస్తున్నవ్?"

కాగితాన్ని నా వైపు ఇంకొంచెం జరిపాడు. కాగితం తీసుకున్నాను. ఇవ్వనని అనలేదు. ఇస్తానని కూడా.

జూలై 19

వాన. ఆఫీసుకు వెళ్లాను. ఎవరూ మెమో మాట ఎత్తలేదు, అందరికీ తెలుసు. దోమల మందు కొట్టించాను.

జూలై 20, ఆదివారం

పొద్దున యాడి ఫోన్. పదో తారీఖు తర్వాత మొదటిసారి. ఎవరో పేపరు చదివి చెప్పారట తండాలో. నా పేరు లేదు, సాక్షి ఎదురు తిరిగింది అని మాత్రమే. అయినా తెలిసిపోయింది.

బాగున్నావా అని అడగలేదు. పాప గురించి అడగలేదు.

"వాన్ని విడిపించినవా?"

"లేదు యాడీ. లోపలనే ఉన్నడు."

"మీ మామను చంపినోళ్లల్ల ఉన్నడా వాడు?"

"అప్పుడు వాడు బడికి పోయేటోడు యాడీ."

"వాళ్ల మనిషేనా గాదా?"

"తెల్వదు."

"తెల్వకుండ ఎట్ల చెప్పినవ్ మరి కోర్టుల?"

"తెల్వదనే చెప్పిన."

కోళ్ల చప్పుడు, ఎవరో బోరింగు కొడుతున్న చప్పుడు. పెట్టేసిందేమో అని ఫోను చెవి నుంచి తీసి చూశాను. సెకన్లు నడుస్తూనే ఉన్నాయి. మళ్లీ చెవికి పెట్టుకున్నాను.

"యాడీ?"

ఊపిరి వినిపిస్తోంది. వింటూనే ఉంది.